రెండు మాటల నడుమ

భ్రమరాంబ సంచి సర్దటం మొదలుపెట్టి అప్పటికి గంటయింది. రెండు పంచెలు, నాలుగు చొక్కాలు, ఒక తుండు, విభూతి డబ్బా, మిరియాలు, పటికబెల్లం, కరక్కాయ ముక్కల పొట్లం. అన్నీ పెట్టింది, అన్నీ తీసింది, మళ్ళీ పెట్టింది. ప్రయాణమంటే ఆమెకు మొదటినుంచీ గుండెదడ. ఇంట్లోంచి ఎవరు గడప దాటినా, సంచిలో ఏదో ఒకటి తక్కువైతే దానికోసమైనా వెనక్కి వస్తారని ఆమెకొక పిచ్చి నమ్మకం. అందుకని కావాలనే ఒక వస్తువు వదిలేస్తుంది. ఈసారి కళ్ళజోడు పెట్టె వదిలేసింది.

అన్నీ అయ్యాక రంగుల పెట్టె తెచ్చి సంచిలో కుక్కబోయింది.

"అదెందుకే," అన్నాడు కోటిలింగం, చొక్కా గుండీలు పెట్టుకుంటూ. "వాళ్ళకు కావాల్సింది నా గొంతు. మొహం కాదు."

"గొంతొక్కటే చాలంటే ఫోన్లో పంపించేవాళ్ళంగా. నిన్నెందుకు రమ్మన్నారు?"

"మొహానికి అర్దళం రంగు పూసుకుని ఆ ఏసీ గదిలో కూచుంటే మిషను జడుసుకుంటదే."

ఆమె నవ్వి పెట్టె తీసేసింది. తీశాక, మూతమీది దుమ్ము కొంగుతో తుడిచింది.

కోటిలింగానిది పగటి వేషాల వంశం. రాత్రి దీపాల వెలుగులో, దూరంగా కూర్చున్నవాళ్ళను నమ్మించటం ఒక ఎత్తు. పట్టపగలు, ఎండలో, ఇంటి ముందు నిలబడి, ఆ ఇంటివాళ్ళనే నమ్మించటం మరో ఎత్తు. కరణం వేషం కట్టి వెళితే అసలు కరణం లేచి నిలబడాలి. ఊళ్ళో ముప్ఫై రెండు రోజులు ఇలా రకరకాల వేషాలు కట్టి, ఆఖరి రోజున రంగు లేకుండా, సొంత మొహంతో, మోసపోయిన ప్రతి ఇంటి వాకిట్లోనూ చెప్పులు విడిచి నిలబడతారు. 'ఫలానా రోజున మీ వాకిట్లోకి వచ్చింది ఫలానావాడు కాదు, నేను. కట్టిన వేషం విప్పుతున్నాను, తప్పులుంటే కాయండి' అని చేతులు జోడిస్తారు. అప్పుడే బియ్యమైనా, పాత చీరైనా పుచ్చుకుంటారు. ఆ మాట చెప్పకుండా ఊరు దాటితే అది వేషం కాదు, దొంగతనం. విప్పిన వేషాన్ని మళ్ళీ అదే ఊళ్ళో కట్టరు. ఇదీ వాళ్ళ కట్టుబాటు.

పొన్నూరులో ఇప్పుడు పగటి వేషాలు చూసేవాళ్ళు లేరు, కట్టేవాడు మాత్రం ఒక్కడు మిగిలాడు. అరవై దాటినా పొద్దున్నే కాలవలో మెడలోతు నీళ్ళలో నిలబడి, నాలుక కింద వక్కముక్క పెట్టుకుని సాధన చేస్తాడు. వాళ్ళది పిల్లలు లేని ఇల్లు. అయితేనేం, ఇంటినిండా గొంతులే. అన్నం వడ్డిస్తుంటే ఒకరోజు తహసీల్దారు పచ్చడి అడుగుతాడు, ఒకరోజు కుంకుడుకాయలమ్మే ఆవిడ బేరమాడుతుంది. అన్నీ అయిపోయాక, "ఇంక చాల్లే, నువ్వూ తిను" అని అతను తన గొంతుతో అంటాడు. నిండుగా, నిదానంగా, బావి అడుగునుంచి నీళ్ళు చేదినట్టు వచ్చే గొంతది. భ్రమరాంబ పెళ్ళిచూపుల్లో తల ఎత్తలేదు. ఆ గొంతు విని ఒప్పుకుంది.

ఆ గొంతు విశాఖపట్నం దాకా వెళ్ళాల్సి రావటానికి పక్కింటి వజ్రమ్మ కారణం.

'వినోదిని' అని ఒక సంస్థ ఉంది. సీరియళ్ళు, సినిమాలు, పాటలు, అన్నీ అందులో వస్తాయి. ఖాతా తెరవాలంటే సంకేతపదం కొట్టాలి. ఆ సంకేతపదాలతో జనం పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. భ్రమరాంబ బియ్యం డబ్బా మూతమీద రాసుకుంది, మూత తోమినప్పుడు అది చెరిగిపోయింది. వజ్రమ్మ క్యాలెండరు వెనక రాసుకుంటే సంవత్సరం మారగానే ఆమె కోడలు క్యాలెండరు పారేసింది. అందుకని వినోదినివాళ్ళు గొంతు తాళం తెచ్చారు. టీవీ ముందు నిలబడి, మనం ఎంచుకున్న మాట ఒకటి అంటే చాలు. మన గొంతైతే తెరుచుకుంటుంది, పరాయి గొంతైతే తెరుచుకోదు. దేశమంతా పెట్టేముందు పొన్నూరులో రెండువందల ఇళ్ళలో పెట్టి చూశారు. వజ్రమ్మ ఎంచుకున్న మాట, "నేనే, తలుపు తియ్యి."

ఒక సాయంత్రం వజ్రమ్మ పెరట్లో బట్టలు తీస్తుంటే, కోటిలింగం ఆమె కిటికీ దగ్గర నిలబడి, అచ్చం వజ్రమ్మలాగా, చివర చిన్న దగ్గుతో సహా ఆ మాట అన్నాడు. టీవీ తెరుచుకుంది. సీరియలు బదులు కుస్తీ పోటీలు పెట్టి వచ్చేశాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. నాలుగో రోజు స్నానం చేసి, ఆమె వాకిట్లో చెప్పులు విడిచి చేతులు జోడించాడు.

"వజ్రమ్మా, మూడు రోజులుగా నీ టీవీ తెరిచింది నువ్వు కాదు, నేను. వేషం విప్పుతున్నా."

"నీ నోట్లో మన్ను బడ, దెయ్యమనుకుని తాయెత్తు కట్టించుకున్నా గదన్నయ్యా," అంది వజ్రమ్మ, మోచేతి పైన నల్లతాడు చూపిస్తూ. చాటెడు బియ్యం మాత్రం తెచ్చి పోసింది.

అతను చెప్పకపోతే ఆ సంగతి ఎవరికీ తెలిసేది కాదు. వజ్రమ్మ ఊరుకునే మనిషి కాదు. తాళం ఎలా ఉందో కనుక్కోవటానికి వచ్చిన వినోదిని అమ్మాయికి పూసగుచ్చినట్టు చెప్పింది. వారం తిరక్కుండా విశాఖపట్నంనుంచి కారు వచ్చింది. అందులోంచి దిగింది డాక్టర్ రజియా. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. ఆ తాళాన్ని తయారుచేసిన మనిషి. అసలు ఊరు కర్నూలు.

రజియా పెట్టె తెరిచి, పన్నెండుమంది గొంతులు వినిపించి, పన్నెండు తాళాలు ముందు పెట్టింది. కోటిలింగం ఒక్కొక్కరినీ రెండేసిసార్లు విన్నాడు. కళ్ళు మూసుకున్నాడు. పన్నెండింట్లో పదకొండు తెరుచుకున్నాయి. రజియా మొహం పాలిపోయింది.

"ఆ పన్నెండోది?" అని అడిగింది భ్రమరాంబ.

"అది మిషను పుట్టించిన గొంతమ్మా. మనిషిది కాదు."

"అదే అనుకున్నా. మనిషైతే మా ఆయన వదలడు," అంది భ్రమరాంబ. ఆ మాట అన్నాక కాఫీ కలపటానికి లోపలికి వెళ్ళి, ఎవరూ చూడకుండా కాసేపు తనలో తనే మురిసిపోయింది.

అలా తాళం గట్టిపరచటానికి పదిహేను రోజులు ఉండేట్టు రమ్మన్నారు. ఆటో వచ్చింది. కోటిలింగం గడప దాటి, "వెళ్ళొస్తానే" అన్నాడు. ఆమె సరేనని తలూపింది. అరగంటకు నిడుబ్రోలు స్టేషనునుంచి ఫోను.

"కళ్ళజోడు పెట్టె మర్చిపొయ్యావే."

"మర్చిపోలా," అంది భ్రమరాంబ.

రోజూ సాయంత్రం ఫోను వచ్చేది. గోడలన్నీ దూదిలాంటిదానితో కప్పిన గదిలో కూచోబెట్టారని, మన మాట మనకే చప్పగా వినిపిస్తుందని చెప్పాడు. యాభైమంది ఇళ్ళ తాళాలు పెడితే మొదటిరోజు నలభై ఒకటి తెరిచానన్నాడు. పెద్ద పెద్ద చదువులవాళ్ళు లేచి చప్పట్లు కొట్టారట. ఆ తరువాత అందరూ దిగులుగా కూచున్నారట. భ్రమరాంబ ఆ నలభై ఒకటిని వజ్రమ్మకు చెప్పింది, పాలాయనకు చెప్పింది, రేషను షాపులో వరసలో నిలబడి ముందావిడకూ వెనకావిడకూ చెప్పింది. రోజురోజుకీ తాళం బిగిస్తున్నారని, తెరుచుకునేవి తగ్గుతున్నాయని అతను చెబితే ఆమెకు కాస్త చిన్నతనమైంది. "నిన్ను గెలవటానికి అంతమంది కావాల్సొచ్చారు చూడు," అని తనే ఓదార్చుకుంది.

పన్నెండో రోజున రజియా ఫోను చేసింది.

"అమ్మా, మీరొకసారి రావాలమ్మా."

భ్రమరాంబ చేతిలోని చేట కింద పెట్టింది. "ఆయనకేమైంది?"

"ఏం కాలేదు, బాగున్నారు. మాకు మీ చెవులు కావాలి, అంతే."

చెవులు కావాలనటం ఎక్కడా వినలేదు. తన సంచి అయిదు నిమిషాల్లో సర్దుకుంది. ఏమీ వదిలిపెట్టలేదు. కళ్ళజోడు పెట్టె కూడా అందులో వేసుకుంది.

ప్రయోగశాల కొండమీద ఉంది. కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది. కోటిలింగం అక్కడ లేడు. వెనక వరండాలో ఉన్నాడని, ముందు తనతో మాట్లాడాలని రజియా ఆమెను ఒక తెర ముందు కూచోబెట్టింది.

"ఇది చూడండమ్మా. మాట్లాడేటప్పుడు గొంతు లోపల ఇట్లా ఉంటుంది." తెరమీద గీతలతో వేసిన ఇరుకు గది లాంటి బొమ్మ. "మామూలు మిమిక్రీవాళ్ళు ఈ ముందుగోడ మారుస్తారు. వెనకగోడ వాళ్ళదే ఉంటుంది. దాన్నిబట్టి పట్టుకుంటాము. బాబాయిగారు గది మొత్తం మార్చేస్తారు. ఎట్ల పట్టుకోవాలో తెలియలేదు. ఆఖరికి ఒక దారి దొరికింది. మాటలప్పుడు కాదు, రెండు మాటల నడుమ చూశాము."

"నడుమ ఏముంటదమ్మా, ఊపిరేగా?"

"అదేనమ్మా. ఊపిరి తీసుకునే ఆ చిటికెలో గొంతును ఎవరూ పట్టించుకోరు. అప్పుడది తన సొంత ఆకారంలోకి పోతుంది. అలసిపోయినోళ్ళు ఇంటికి పోయినట్ల." రజియా వరసగా బొమ్మలు చూపించింది. వజ్రమ్మ గొంతులో ఒకటి, తహసీల్దారు గొంతులో ఒకటి. మాటల దగ్గర బొమ్మలు వేరువేరు. నడుమ మాత్రం అన్నింటిలోనూ ఒకటే బొమ్మ. "మాటకూ నడుమకూ పొంతన లేకుంటే అది అరువు గొంతు. కొత్త తాళం దాన్ని తెరవదు. యాభైలో నలభై తొమ్మిది మూసేశాము."

"మిగిలిందెవరిది?"

"బాబాయిగారిదే. ఆయన సొంత ఖాతా." రజియా తెరమీద ఇంకో బొమ్మ తెరిచింది. "ఆయన ఇంట్లో మాట్లాడే గొంతుతో తెరవమన్నాము. తాళం ఒప్పుకోలేదమ్మా. అరువు గొంతు అంటోంది. ఆయన సొంత గొంతును ఆధారంగా తీసుకుంటేగాని లెక్క కుదరదు. 'మీ గొంతులో మాట్లాడండి' అంటే, 'ఇదే నా గొంతు' అంటారు. మీరు ఇన్నేళ్ళు విన్నారు కదా. ఇవన్నీ వినిపిస్తాను, ఏది ఆయనదో చెప్పండి."

ఒకదాని తరువాత ఒకటి పన్నెండు రోజుల గొంతులు వినిపించింది. భ్రమరాంబ తల అడ్డంగా ఊపుతూ వచ్చింది. నిండుగా, నిదానంగా, బావి అడుగునుంచి వచ్చే గొంతు వినపడగానే, "ఇదే," అంది.

రజియా తలవంచుకుంది. "దాన్నే తాళం కాదంటోందమ్మా."

భ్రమరాంబకు ఎందుకో పెళ్ళినాటి సంగతి గుర్తొచ్చింది. పెళ్ళికొడుకువాళ్ళ పాత ఊరు అమృతలూరునుంచి వచ్చిన ఒక ముసలావిడ, పెళ్ళికొడుకు మాట వినగానే బుగ్గలు నిమిరి, "శరభయ్యా, నాయనా" అని ఏడ్చింది. శరభయ్య అతని అన్న, దివిసీమ ఉప్పెనలో పోయాడని తెలుసు. పెద్దతనపు చాదస్తమనుకుంది అప్పుడు.

ఆమె లేచి వరండాలోకి వెళ్ళింది. కోటిలింగం సముద్రంకేసి చూడకుండా, గోడకేసి తిరిగి కూచుని ఉన్నాడు.

"కళ్ళజోడు పెట్టె తెచ్చా," అంది.

అతను చెయ్యి చాచాడు. ఆమె ఇవ్వలేదు.

"ఆ గొంతెవరిది?"

చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మాట్లాడినప్పుడు అదే గొంతు.

"అన్నది."

ఆమె పక్కన కూచుంది. అతను ఆగి ఆగి చెప్పాడు.

"అమ్మకు చూపు లేదుగా. దీపావళి వెళ్ళాక అన్న ఇద్దరు మేళగాళ్ళను తీసుకుని దివిసీమ పొయ్యాడు. నేనూ పోవాల్సిందే. జ్వరమొచ్చి ఆగిపొయ్యా. పద్నాలుగేళ్ళు నాకు. ఆ తరవాత గాలీ వానా. పోయినోళ్ళు పొయ్యారని తెలిసింది. అన్నను చూసినోడే లేడు. అమ్మ తొమ్మిది రోజులు ఏమీ ముట్టలా. పెద్దోడొస్తేనే తింటానంది. పదో రోజు వాకిట్లో నిలబడి అన్న గొంతు పెట్టా. 'అమ్మా, వచ్చా, ఆకలేస్తంది' అన్నా. అమ్మ లేచి పొయ్యి దగ్గరికి పొయ్యింది."

"ఊళ్ళోవాళ్ళు?"

"ఊరంతటికీ తెలుసు. ఒక్కరు నోరు జారలా. ముప్ఫై రెండు రోజులు కడదాం, ఈలోపు మనిషి తేరుకుంటది, విప్పేద్దాం అనుకున్నా. ముప్ఫై మూడో రోజు అమ్మ, 'శరభా, నువ్వు రాకపోతే పొయ్యేదాన్నిరా' అంది. ఇంకెట్టా విప్పేది?"

"మరి చిన్నోడేమైనట్టు? కోటి?"

"కొన్నాళ్ళు రెండు గొంతులూ నేనే. పొద్దున అన్న, మాపున నేను. అప్పుడే గొంతు మారే వయసొచ్చింది. పిల్ల గొంతు పోయింది. కొత్తది ఎట్టా ఉంటదో నాకే తెలవదు, తెలుసుకునే సందు లేకపాయె. కోటిగాడు మేళంతో కడప పొయ్యాడని చెప్పేశా." అతను పంచె అంచు మడతపెట్టి విప్పాడు. "ఆరేళ్ళు బతికింది. పొద్దు గూకితే చాలు, 'చిన్నోడు రాలేదా శరభా' అనేది. పక్కనే కూచుని 'వస్తాళ్ళేమ్మా' అనేవాణ్ణి."

"చేత్తో తడిమితే తెలవదేంటయ్యా కన్నతల్లికి?"

"తడిమేది. ఏమనేది కాదు. తెలిసిందేమో. అడిగే ధైర్యం లేకపోయింది. పొయ్యేటప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలా. ఆఖరి రోజు దాటిపోయింది. ఆ తరవాత నాకింకో గొంతు మిగల్లేదు."

భ్రమరాంబ లేచి వరండా చివరిదాకా వెళ్ళింది. "అంటే ఇన్నేళ్ళూ నేను బావగారి గొంతుతో కాపరం చేశానా," అంది, అతనితో కాదు, గాలితో అన్నట్టు. ఎన్నడూ చూడని మనిషి గొంతు అది. జ్వరమొచ్చినప్పుడు మందేసుకోమన్నది, బిడ్డ నిలవనప్పుడు ఏడవొద్దన్నది, పొద్దున్నే లెమ్మన్నది. దాన్ని విప్పేస్తే తనకేం మిగులుతుందో తెలియదు. వద్దంటే ఆమె మాట అతను దాటడు. ఇద్దరూ రేపు బండెక్కి, ఆ గొంతును తీసుకుని ఇంటికి వెళ్ళిపోవచ్చు. రజియా ఇంకో దారి వెతుక్కుంటుంది, లేదా వెతుక్కోదు.

సముద్రం కిందెక్కడో మెరుస్తోంది. దాన్ని చూస్తుంటే, వాకిట్లో నిలబడ్డ ఒక పద్నాలుగేళ్ళ కుర్రాడు కనిపించాడు. జ్వరంనుంచి లేచిన కాళ్ళు, ఏడుపు ఆపుకున్న గొంతులోంచి చచ్చిపోయిన అన్న గొంతు. కరణాలను, తహసీల్దార్లను నమ్మించటం ఏం గొప్ప. కన్నతల్లిని ఆరేళ్ళు బతికించాడు వాడు. ఏ సభలోనూ శాలువా కప్పని వేషం అది. ఆమె ఛాతీ పొంగింది, ఆ వెంటనే కళ్ళు నిండాయి.

వెనక్కి వచ్చి అతని ఎదురుగా నిలబడింది.

"ఎన్ని వేషాలు కట్టి ఉంటావయ్యా ఇప్పటికి?"

"ఎవరు చూశారు?"

"అన్నిట్లోకి విప్పకుండా మిగిలింది ఇదొక్కటేగా?"

"ఒక్కటే."

"అయితే లే. నీ వంశంలో వేషం విప్పకుండా పోయినోడు లేడు. నీతో ఆ మాట రాకూడదు."

"ఎవరి వాకిట్లో విప్పనే? ఆ వాకిలీ లేదు, అమ్మా లేదు."

"ఆ అమ్మాయి దూది గదిలో మైకుందిగా. దాన్నే వాకిలనుకో." అంటూ అతని చేతిలో కళ్ళజోడు పెట్టె పెట్టింది. "అది విని తీరతదట. నడుమ ఊపిరి కూడా వదలదట."

దూది గదిలోకి వెళ్ళేముందు కోటిలింగం చెప్పులు విడిచాడు. అద్దం ఇవతల రజియా, భ్రమరాంబ నిలబడ్డారు. అతను మైకుకు ఎదురుగా నిలబడి చేతులు జోడించాడు. నోరు తెరిచాడు, మూశాడు. తెరిచిన ప్రతిసారీ శరభయ్య గొంతు అంచుదాకా వచ్చినట్టుంది, దాన్ని వెనక్కి నెడుతున్నాడు. మెడమీద నరాలు కదిలాయి. కాలవ నీళ్ళలో నేర్చిందంతా ఒక్కొక్కటే వదిలేస్తున్నట్టు, భుజాలు మెల్లగా కిందికి దిగాయి.

"అమ్మా."

సన్నగా, కాస్త బొంగురుగా, ఎక్కడ ఎత్తాలో ఎక్కడ దించాలో తెలియని గొంతు. వెంట్రుకలు తెల్లబడ్డ మనిషిలోంచి, అప్పుడే మీసం మొలుస్తున్నవాడి గొంతు. వాడుక లేక తలుపు బిర్రబిగిసి, ఇప్పుడే కదిలినట్టు.

"అమ్మా సిద్ధమ్మా. పదో రోజున నీ వాకిట్లోకి వచ్చింది శరభయ్య కాదు. నేను, కోటిని. కడప పోలేదమ్మా. ఇక్కడే ఉన్నా. కట్టిన వేషం విప్పుతున్నా. తప్పులుంటే కాయి."

ఇంకో మాట ఉంది. అన్న ఏమయ్యాడన్న సంగతి. దానికోసం రెండుసార్లు ప్రయత్నించాడు, అది మాత్రం నోట రాలేదు. చేతులు దించేశాడు.

తెరమీద గీతలు ఒకదానిమీద ఒకటి కూచున్నాయి. మాటల దగ్గర ఏ బొమ్మ ఉందో, నడుమా అదే బొమ్మ. రజియా వేలితో చూపించింది.

ఆ మర్నాడు, ఆ మూడోరోజూ, అతనిది కాక మిగతా నలభై తొమ్మిది తాళాలూ ముందు పెట్టారు. అతను తన విద్యనంతా ప్రయోగించాడు, దేన్నీ దాచుకోలేదు. ఒక్కటి కూడా తెరుచుకోలేదు. ఆఖరిదీ మొండికెయ్యగానే కోటిలింగం కొత్త గొంతుతో, "ఇదిరా తాళమంటే," అన్నాడు. గదిలో అందరూ లేచి నిలబడ్డారు. రజియా కళ్ళు తుడుచుకుంటూ, "దీన్ని ఎవరు తెరవాలన్నా ముందు బాబాయిగారిని దాటాలమ్మా," అంది. భ్రమరాంబ కొంగు భుజంమీదికి లాక్కుని, ఆ మాటను బండిలో తెనాలి దాకా మనసులో తిప్పుకుంటూనే వచ్చింది.

ఇంటికి వచ్చిన నాడు వజ్రమ్మ గోడమీదనుంచి తొంగిచూసి, "ఎవరొదినా మీ ఇంట్లో, ఎవరో మగమనిషి మాటలు వినపడుతున్నై," అని అడిగింది.

"మా ఆయన," అంది భ్రమరాంబ.

"పో వదినా, అన్నయ్య గొంతు నాకు తెలవదా."

"నాకే తెలవదు, నీకేం తెలుస్తది."

కోటిలింగం మళ్ళీ ఆ పాత గొంతు పెట్టలేదు. వాకిట్లోంచి పిలిస్తే భ్రమరాంబ ఉలిక్కిపడి, ఎవరో పరాయివాళ్ళనుకుని కొంగు సర్దుకునేది. ఆ వెంటనే నాలుక కరుచుకునేది. అతను కూడా మాటలు వెతుక్కుంటూ, పిల్లవాడు నడక నేర్చుకుంటున్నట్టు మాట్లాడేవాడు. ఒక్కోసారి వంటింట్లో పని చేసుకుంటూ, ఇంక చాల్లే, నువ్వూ తిను అన్న ఆ బావి గొంతు కోసం చెవి ఒగ్గి, అది రాదని గుర్తొచ్చి పొయ్యి ఎగదోసేది. ఎవరితోనూ చెప్పుకోలేదు. చెప్పుకోవాల్సిన సంగతి కాదు. మొగుడు ఇంట్లోనే ఉన్నాడు.

మాఘమాసంలో గొంతు తాళం ఇంటింటికీ వచ్చింది. వీళ్ళ టీవీలోకీ వచ్చింది. ఆ సాయంత్రం హరికథ చూద్దామని కోటిలింగం టీవీ ముందు నిలబడి తన మాట అన్నాడు.

"గొంతు సరిపోలేదు," అంది టీవీ.

ఇంకోసారి అన్నాడు. సరిపోలేదంది. ఆ ఖాతాలో ఉన్నది పాత గొంతు. రజియా పొన్నూరు వచ్చిన రోజున భార్యాభర్తలిద్దరి గొంతులూ ఎక్కించుకుంది. యంత్రం ఇంకా దానికోసమే చూస్తోంది.

కోటిలింగం ఆమెవైపు తిరిగి మెల్లగా అడిగాడు.

"పాత గొంతు ఒక్కసారి పెట్టమంటావా? కొత్త తాళం ఒప్పుకోదనుకో. నీకోసమే."

భ్రమరాంబ రిమోటు చేతిలోకి తీసుకుంది. ఒక్కసారి. ఒక్క మాట. అతని మెడమీద నరం కదలటం కూడా చూసింది.

"వద్దు," అంది. "విప్పిన వేషం అదే ఊళ్ళో మళ్ళీ కట్టరు."

ఖాతాలో ఆమె గొంతు కూడా ఉంది. తన మాట తను అంది, తెరుచుకుంది. చుట్టుపక్కల గోడలమీది రాతలు చూసి అక్షరాలు కూడబలుక్కున్న మనిషి, రిమోటుతో ఒక్కొక్కటే నొక్కుకుంటూ వెళ్ళింది. గొంతుల పట్టికలో మొదటి పేరు దగ్గర ఆగింది. 'ఈ గొంతును తొలగించాలా?' అని అడిగింది తెర. అవునంది. 'ఈ గొంతు ఎవరిది? ఎందుకు తొలగిస్తున్నారు?' అని కింద ఖాళీ గడి వచ్చింది.

కోటిలింగం పక్కనే కూచున్నాడు. నోట రాని ఆ మాట అక్కడ ఉంది. అతను ఆమె చేతిమీద చెయ్యి వేశాడు, ఆపటానికి కాదు. భ్రమరాంబ కళ్ళజోడు సర్దుకుని, అక్షరం తరువాత అక్షరం, గడి నింపింది.

'మా బావగారు శరభయ్యది. 1977 నవంబరు 19, శనివారం నాడు దివిసీమ ఉప్పెనలో పోయారు. తిరిగి రాలేదు.'